మాంగా తప్ప మరేదీ చదవని అబ్బాయి: ప్రోత్సహించాలా, తెలుగు వైపు తిప్పవచ్చా?

ప్రశ్న (రాయగడ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మాది రాయగడ. మా మామగారు వ్యాపారం మీద శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో మేము మాట్లాడుకునేది తెలుగే. బజారులో ఎదుటి మనిషిని బట్టి తెలుగో ఒడియానో నడుస్తుంది. మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, రెండో భాష ఒడియా. అందువల్ల వాడికి తెలుగు నోటికి వచ్చు గాని కంటికి రాదు. వాళ్ళ అమ్మమ్మతో గంటల తరబడి కబుర్లు చెబుతాడు, చిన్నప్పుడు విన్న కథలన్నీ తిరిగి చెప్పగలడు, కాని శుభలేఖ చేతికిస్తే పెళ్ళికొడుకు పేరు కూడబలుక్కోవడానికే అవస్థ పడతాడు.

ఏడాదిగా వాడికి జపాన్ మాంగా, అంటే అక్కడి బొమ్మల కథల మీద ఆసక్తి పెరిగింది. మొదట స్నేహితులతో కలిసి యానిమే (జపాన్ కార్టూన్ సీరియళ్ళు) చూసేవాడు. అందులో కథ ముందుకు నడవడానికి చాలా కాలం పడుతోందని విసిగి, ఫోనులో ఇంగ్లీషు అనువాదాలు చదవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు పాఠ్యపుస్తకం తప్ప మరే పుస్తకమూ ముట్టనివాడు ఇప్పుడు భోజనానికి పిలిచినా వినిపించుకోవడం లేదు. ఇది చదవడమే కదా అని నాకు లోలోపల సంతోషంగానే ఉంది. వాళ్ళ నాన్నగారు మాత్రం బొమ్మలు చూడటాన్ని చదువు అనకూడదనీ, పదో తరగతి ముందున్న పిల్లవాడిని ఇటువైపు ఎగదోయడం మంచిది కాదనీ అంటున్నారు.

ఫోను మాన్పించి అచ్చు పుస్తకాలు కొనిద్దామంటే, మా ఊళ్ళో నాకు తెలిసిన దుకాణాల్లో బడి పుస్తకాలు, గైడ్లు తప్ప ఏమీ దొరకవు. విశాఖపట్నం వెళ్ళినప్పుడు కొనాలి, లేదా ఆన్‌లైన్లో తెప్పించాలి. ఒక్కో సంపుటం నాలుగైదు వందల రూపాయలు పలుకుతోంది, ఒక కథ పదుల సంపుటాలు సాగుతోంది. అంత ఖర్చు పెట్టి ప్రోత్సహించదగిన విషయమేనా? పెట్టేటట్లయితే ఈ వయసుకు తగినవి ఎలా ఎంచాలి? ఇన్నిటికీ మించి, ఈ ఆసక్తిని పట్టుకుని వాడి చేత తెలుగు చదివించే మార్గం ఏదైనా ఉందా? ఇలాంటి పిల్లలు మన సరిహద్దు ఊళ్ళలో ఇంటికొకరు ఉన్నారు గనుక అనుభవం ఉన్నవారు చెబుతారని అడుగుతున్నాను.

జవాబు (బరంపురం, కామిక్స్ పాఠకుడు)

అమ్మా, ముందుగా మీవారి సందేహానికి నాకు తోచింది చెబుతాను. మాంగా పుటను బొమ్మలు చూసినట్టు చూస్తే అర్థం కాదు. ఆ పుట కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఒక గడికీ మరో గడికీ మధ్య ఉన్న తెల్లని సందులో ఏమి జరిగిందో పాఠకుడే ఊహించుకోవాలి. ఒక గడిలో ఎత్తిన చేయి, తరువాతి గడిలో పగిలిన గ్లాసు ఉంటే, నడుమ జరిగింది ఎవరూ రాసి పెట్టరు. బెలూనులో, అంటే పాత్ర పక్కన మాటలు రాసే బుడగలో ఉన్న మాట ఒకటి, ముఖంలో కనిపించే భావం మరొకటి అయినప్పుడు ఏది నిజమో తేల్చుకోవలసిన పని కూడా చదివేవాడిదే. మీ అబ్బాయి ఏడాదిగా ఈ పని పరాయి భాషలో చేస్తున్నాడు.

భాష సంగతికి వస్తే, 1988లో హేస్, ఆరెన్స్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. ఇంగ్లీషులో ఎక్కువగా వాడుకలో ఉన్న పదివేల మాటలను పక్కన పెట్టి, వాటికి వెలుపలి అరుదైన మాటలు వెయ్యికి ఎన్ని పడుతున్నాయో చూశారు. పట్టభద్రులైన పెద్దలు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు వెయ్యికి 17.3, పిల్లల పుస్తకాల్లో 30.9, పెద్దల పుస్తకాల్లో 52.7 వస్తే, కామిక్ పుస్తకాల్లో 53.5 వచ్చాయి. అవి అప్పటి అమెరికా కామిక్కులు, మాంగా అనువాదాలు కావు. ఆ అంకెలను ఉన్నపళంగా ఇక్కడికి అన్వయించలేము గాని, బొమ్మలున్న పుస్తకంలో భాష పలచగా ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్పడానికి అవి చాలు.

ఇక ఎంపిక. జపాన్‌లో మాంగాను ఎవరి కోసం వేస్తున్నారన్నదాన్ని బట్టి విడదీస్తారు. కుర్రవాళ్ళ పత్రికల్లో వచ్చేది షోనెన్, ఆడపిల్లల కోసం వచ్చేది షోజో, పెద్ద మగవారికి సీనెన్, పెద్ద ఆడవారికి జోసేయ్. ఇంగ్లీషు సంపుటాలను విరివిగా ప్రచురించే విజ్ మీడియా తన పుస్తకాల మీద వయసు గుర్తు వేస్తుంది. టీ అంటే పదమూడు ఏళ్ళు దాటినవారికి, టీ ప్లస్ అంటే పదహారు దాటినవారికి, ఎం అంటే పెద్దలకు. మీరు జపనీస్ పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కరలేదు, అట్ట వెనక్కి తిప్పి ఆ గుర్తు చూస్తే సగం పని అయినట్టే. ఫోనులో దొంగ అనువాదాల సైట్లలో ఈ గుర్తులు ఉండవు, పైగా పక్కన పడే ప్రకటనలు పిల్లలు చూడదగినవి కావు. నేనైతే మాంగాను గాని ఫోనును గాని మాన్పించే ముందు ఆ సైట్లను మాన్పిస్తాను. షుయేషా అనే జపాన్ ప్రచురణకర్తలే 2019 నుంచి నడుపుతున్న మాంగా ప్లస్ అనే యాప్‌లో వారి పత్రికల కొత్త అధ్యాయాలు ఇంగ్లీషులో ఉచితంగా వస్తాయి. కొనే ఖర్చూ కొంత తగ్గుతుంది.

కొనదలిస్తే యుద్ధాల కథలతో పాటు వేరే రుచి కూడా చూపించండి. ఒసాము తెజుకా వైద్యశాస్త్రంలో పట్టా పొందిన మనిషి. ఆయన 1972 నుంచి 1983 వరకు బుద్ధుడి జీవితాన్ని మాంగాగా వేశారు. ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలు. అందులో నగ్నంగా వేసిన బొమ్మలు అక్కడక్కడ ఉంటాయని ముందే చెబుతున్నాను, దాచిపెట్టేంత విషయం కాదు గాని, మీరు తెలియక కొని తరువాత ఉలిక్కిపడకూడదు. ఆరేళ్ళ వయసులో హిరోషిమా బాంబు దాడి నుంచి బతికి బయటపడ్డ కెయిజి నకజావా 1973లో మొదలుపెట్టిన ‘బేర్‌ఫుట్ గెన్’ మరొకటి. అందులో దృశ్యాలు భయంకరంగా ఉన్నాయని మత్సుఎ నగరపు విద్యాశాఖవారు 2012లో దాన్ని బడి గ్రంథాలయాల్లో అందకుండా లోపల పెట్టించారు. పెద్ద ఎత్తున నిరసన రావడంతో మరుసటి ఏడాదే ఆ ఆంక్షను ఎత్తేశారు. తొమ్మిదో తరగతి పిల్లవాడు చదవవచ్చునని నా అభిప్రాయం, అయితే ఇంట్లో మాట్లాడే పెద్దవారు ఒకరు తోడు ఉండాలి.

తెలుగు విషయంలో నా దగ్గర పెద్ద సలహా లేదు. ఒక్క సంగతి మాత్రం ఉపయోగపడవచ్చు. జపాన్ పిల్లల మాంగాలో కంజి (చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే లిపి) అక్షరం పక్కన దాని ఉచ్చారణను చిన్న కానా (ధ్వనిని చూపించే లిపి) అక్షరాల్లో అచ్చువేస్తారు, దాన్ని ఫురిగాన అంటారు. మాట నోటికి తెలిసి, రాత తెలియని పిల్లవాడు ఆగకుండా చదువుకుపోవడానికి అది చేసిన ఏర్పాటు. మీ అబ్బాయి పరిస్థితి కూడా సరిగ్గా అదే కదా.

జవాబు (జయపురం, ట్యూషన్ మాస్టారు)

బరంపురం వారి మాటలు బాగానే ఉన్నాయి గాని, నేను రోజూ చూసే పిల్లల సంగతి కూడా చెప్పాలి. మాంగా విరివిగా చదివే కుర్రవాళ్ళు నా దగ్గర కొందరు ఉన్నారు. కథ చెప్పమంటే చురుగ్గా చెబుతారు, పాత్రల మనస్తత్వం గురించి నాతో వాదిస్తారు కూడా. అదే పిల్లలు పాఠ్యపుస్తకంలో పది వరుసల పేరా ఎదురయ్యేసరికి మూడో వరుసలో జారిపోతారు. ఒక వాక్యంలో ‘అయినప్పటికీ’, ‘అందువల్ల’ వచ్చి అర్థం మలుపు తిరిగినప్పుడు దాన్ని పట్టుకునే ఓర్పు వేరే సాధన వల్ల వస్తుంది. బెలూనులోని మాట ఆ సాధన ఇవ్వదు. పోరాట కథల్లో పుటలకు పుటలు కేకలూ చప్పుళ్ళే ఉంటాయి, వాటిలో అరుదైన మాటలు వెయ్యికి ఎన్ని వస్తాయో ఎవరైనా లెక్క వేస్తే వినాలని ఉంది.

మానిపించమని నేను అనడం లేదు. ఒక్కో సంపుటం పూర్తయిన తరువాత దాని కథను ఒక పుట వచనంగా రాయమనండి. రాస్తేనే తరువాతి సంపుటం కొనిస్తామనండి. ఇంగ్లీషు వ్యాసరచనకు పనికొస్తుంది, మీవారి అభ్యంతరమూ కొంత తగ్గుతుంది.

జవాబు (పర్లాకిమిడి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

జయపురం మాస్టారు చెప్పిన లోపం నిజమే. పొడుగు వచనం చదివే అలవాటును కామిక్ ఇవ్వదు, దానికి వచనమే చదవాలి. కాని దానికి ఆయన సూచించిన మందుతో ఏకీభవించలేను. తీరిక వేళ ఇష్టంతో చదివేదానికి పరీక్ష తగిలిస్తే, ఆ పిల్లవాడు రాయడం నేర్చుకోడు, మాంగా చదువుతున్నానని ఇంట్లో చెప్పడం మానేస్తాడు. మన ఇళ్ళల్లో పిల్లలు పుస్తకాలకు దూరం కావడానికి నేను చూసిన కారణాల్లో ఇదే ముఖ్యమైనది. వచనం చదివించే పనిని వచనంతోనే చేయండి. వాడికి నచ్చిన ఒక మాంగా పుట్టిన కాలం గురించో దేశం గురించో రెండు మూడు పుటల వ్యాసం వాడి బల్ల మీద పెట్టి ఊరుకోండి, చదివాడా అని అడగకండి.

అమ్మా, మీ మూడో ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. మీ అబ్బాయికి తెలుగు రాదని మీరు అనుకుంటున్నారు గాని, వాడికి రానిది లిపి మాత్రమే. భాష వాడి నోట్లో నిండుగా ఉంది. ఇలాంటి పిల్లవాడి చేతికి మొదటి తరగతి వాచకం ఇస్తే, అందులోని విషయం మరీ పసిపిల్లల స్థాయిలో ఉండి వాడు అవమానంగా భావిస్తాడు. వయసుకు తగిన తెలుగు నవల ఇస్తే మొదటి పుట దాటలేడు. వాడి వయసుకు తగిన విషయం, వాడి లిపిజ్ఞానానికి తగిన పొట్టి రాత, రెండూ ఒకేచోట దొరికేది బెలూనులోనే. నాలుగైదు మాటలు, అవీ మాట్లాడే తెలుగులో ఉంటాయి. ఒక మాట తెలియకపోతే పక్కనే ఉన్న బొమ్మ సాయం చేస్తుంది. వాడుక భాషను పుస్తకంలోకి తేవాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో రాజావారి బడిలో పనిచేసినవారే, సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని అందులోనే వాచకాలు రాసినవారు. పిల్లవాడి నోట ఉన్న మాటతోనే అక్షరం మొదలుపెట్టాలన్న పట్టుదల ఆయనది. ఈ పద్ధతికి ఆయన అడ్డుచెప్పి ఉండరని నా ధైర్యం.

తెలుగులో మాంగా దొరకదు కదా అంటారు. అందుకని వాడినే చేయమనండి. వాడికి బాగా నచ్చిన ఒక సన్నివేశం ఎంచుకుని, ఆ పాత్రలు మన రాయగడ స్టేషన్‌లో దిగితే ఏమి మాట్లాడుకుంటాయో తెలుగులో చెప్పమనండి. వాడు చెబుతుంటే మీరు కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాయండి. వాడు గడులు గీసుకుని, బొమ్మలు వేసుకుని, మీరు రాసిన మాటలను బెలూన్లలోకి ఎక్కించుకుంటాడు. తాను చెప్పిన మాటే గనుక దాన్ని చూసి రాసేటప్పుడు ప్రతి అక్షరం ఏ ధ్వనికో వాడికి ముందే తెలిసి ఉంటుంది. బొమ్మలు ఎలా ఉన్నా వంక పెట్టకండి.

బరంపురం వారు చెప్పిన ఫురిగాన ఇక్కడే పనికొస్తుంది. మీ అబ్బాయికి ఒడియా అక్షరాలు బాగా వచ్చు. తెలుగు మాట పైన సన్నగా ఒడియా అక్షరాల్లో ఉచ్చారణ రాసి ఇవ్వండి. రెండు లిపులూ బ్రాహ్మి నుంచి వచ్చినవే, వర్ణమాల వరుస ఒక్కటే, గుణింతం పద్ధతి ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి చూపించడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం, ఎందుకంటే టకు తకు, లకు ళకు ఉన్న తేడా ఇంగ్లీషు రాతలో పోతుంది, ఒడియాలో నిలుస్తుంది.

బెలూను అంటే గుండ్రటి గీతే అని వాడు అనుకోకుండా ‘భీమాయన’ అనే పుస్తకం ఒకసారి చూపించండి. అంబేద్కర్ జీవితం మీద పర్‌ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ వేసిన బొమ్మల పుస్తకం అది, 2011లో వచ్చింది. అందులో చతురస్రపు గడులు ఉండవు. మెత్తని మాటలకు పక్షి ఆకారపు బెలూను, విషం కక్కే మాటలకు తేలు కొండి ఉన్న బెలూను వేశారు. మాటను రాయడంలో దాని స్వరాన్ని కూడా చూపించవచ్చునని పిల్లలకు అది చూసిన వెంటనే అర్థమవుతుంది. మన గుణుపురం కొండల్లో సవరల గోడల మీద ఇడితాల్ బొమ్మలు చూసిన పిల్లలకు ఆ గీత పూర్తిగా కొత్తగా కూడా అనిపించదు. (ఇడితాల్ పూజకు సంబంధించిన చిత్రం, దాన్ని కామిక్ అనవద్దని పిల్లలకు చెప్పడం మరచిపోకండి.)

ఇంట్లో అటక మీద పాత చందమామలు ఉంటే దించండి. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన ఆ పత్రిక తరువాత ఒడియాలో జహ్నమాము పేరుతో వచ్చింది. ఒకే బొమ్మ, ఒకే కథ రెండు లిపుల్లో దొరికే అవకాశం మన జిల్లాల పిల్లలకు ఉన్నంతగా మరెవరికీ లేదు. అయితే చందమామ కామిక్ కాదు. అక్కడ బొమ్మ కథకు పక్కన ఉంటుంది, కథ బొమ్మలో జరగదు. అందుకని బెలూన్లు ఆగకుండా చదవడం వచ్చిన తరువాతే దాన్ని ఇవ్వండి. జయపురం మాస్టారు కోరిన వచనం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న అడిగిన తల్లి, కొన్ని వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. పర్లాకిమిడి మాస్టారు చెప్పినట్టే చేస్తున్నాం. ఇద్దరు నింజాలు రాయగడ స్టేషన్‌లో దిగి, మజ్జిగౌరమ్మ గుడికి ఆటో బేరం చేసే కథ ఒకటి తయారవుతోంది. సంభాషణలు చెప్పేది వాడూ అమ్మమ్మా కలిసి, అందులో కొన్ని తిట్లు నేను రాయనన్నాను. వాళ్ళ నాన్నగారు పైకి ఏమీ అనడం లేదు గాని, ఆటోవాడి మాటలు సహజంగా లేవని రెండుసార్లు సవరించారు.

రెండు చిక్కులు వచ్చాయి. ఒడియా అక్షరాల్లో ‘కలం’ అని రాస్తే వాడు ‘కొలొం’ అని చదువుతున్నాడు. మెడకూ మేడకూ ఒడియాలో ఒకే రాత వస్తోంది. దీనికేం చేయాలి? రెండోది, స్నేహితుడి దగ్గర నుంచి ఒక సంపుటం తెచ్చాడు, దాని మీద టీ ప్లస్ అని ఉంది. రక్తపాతం ఎక్కువే. ఇలాంటివి చదివితే పిల్లలు దుడుకుగా తయారవుతారని మా బంధువులు ఒకరు గట్టిగా చెబుతున్నారు.

జవాబు (పర్లాకిమిడి)

మీరు గమనించింది సరైనదే, అది పిల్లవాడి పొరపాటు కాదు. ఒడియాలో హల్లుకు సహజంగా అంటి ఉండే అచ్చు ఒకారానికి దగ్గరగా పలుకుతుంది. హ్రస్వ దీర్ఘాల తేడా ఎకారానికీ ఒకారానికీ అక్కడ లేదు. అందుకని మాట మొత్తాన్ని ఒడియాలో రాయడం ఆపి, వాడికి ఇంకా గుర్తురాని హల్లు ఒక్కదాని మీదే ఒడియా అక్షరం పెట్టండి. అచ్చులూ గుణింతపు గుర్తులూ తెలుగులోనే చూడనివ్వండి. ఎ ఏ, ఒ ఓ ఈ నాలుగింటినీ విడిగా ఒక అట్ట మీద రాసి, మెడ మేడ, తొడ తోడు లాంటి మాటలతో బల్ల ఎదురుగా అతికించండి. జపాన్‌లో కూడా చిన్నపిల్లల పత్రికల్లో ఫురిగాన దాదాపు ప్రతి కంజికీ ఉంటుంది, పెద్దల పత్రికలకు వచ్చేసరికి కష్టమైన వాటికే మిగులుతుంది. ఒక అక్షరం వాడికి తడుముకోకుండా వచ్చిన రోజు నుంచి దాని మీద గుర్తు పెట్టడం మానేయండి. ముందు పోయేవి క, మ, ర, ల అని నా అంచనా. ఒత్తులు చాలా కాలం పడతాయి, తొందరపడకండి.

తిట్ల విషయంలో అమ్మమ్మగారి పక్షం వహిస్తున్నాను.

జవాబు (బరంపురం)

టీ ప్లస్ అంటే పదహారు దాటినవారికని ప్రచురణకర్తల సూచన. అది చట్టం కాదు, కాని ఊరికే వేసిందీ కాదు. మీ బంధువు చెప్పిన భయం చాలా పాతది. 1954లో ఫ్రెడ్రిక్ వర్థామ్ అనే మానసిక వైద్యుడు కామిక్కులు పిల్లలను నేరాల వైపు నడిపిస్తున్నాయని పుస్తకం రాశాడు. అదే ఏడాది అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. చాలా కాలం తరువాత ఆయన కాగితాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాక, కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని పరిశీలించి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన తన వాదానికి తగ్గట్టు మార్చాడని 2012లో చూపించారు. కాబట్టి కామిక్ చదివితే నేరస్తుడవుతాడన్న మాటను పక్కన పెట్టండి.

రక్తపాతం చూసి నిద్ర పాడవుతుందా, ఆ కథలో ఆడవాళ్ళను ఎలా చూపిస్తున్నారు, హింస చేసినవాడిని కథ మెచ్చుకుంటోందా అన్నవి వేరే ప్రశ్నలు. అవి సంపుటాన్ని బట్టి మారతాయి. ముందు మీరు ఒక అధ్యాయం చదవండి. కుడి నుంచి ఎడమకు చదవడం మొదట ఇబ్బందిగా ఉంటే మీ అబ్బాయినే చూపించమనండి, వాడికి అది ఎంతో ఇష్టంగా ఉంటుంది. చదివిన తరువాత వద్దనిపిస్తే కారణం చెప్పి వద్దనండి, కారణం విన్న పిల్లవాడు దాచుకుని చదవడం తక్కువ. ఆ సంపుటం పేరు ఇక్కడ రాస్తే, నేను చదివినదైతే ఏ అధ్యాయంలో ఏముందో చెప్పగలను.